గేటు మారాక

జూన్ 2
పొద్దుటి నుంచి క్లాసు బల్లలకు కాళ్లు బిగించాను. మధ్యాహ్నం రెక్టర్ ఫాదర్ పిలిపించారు. యూనివర్సిటీకి కొత్త బ్లాక్ కట్టాలి, చాపెల్ వెనక సమాధుల తోట తీసేస్తున్నాం అన్నారు. స్థాపించిన పెద్ద ఫాదర్ ఎముకలను కొత్త చాపెల్‌లో పీఠం కింద పెడతారట. మిగతావాళ్లను ఎవరి మనుషులు వాళ్లు ఊరి శ్మశానానికి తీసుకెళ్లాలట. మీ ఆవిడ కూడా అక్కడే కదా అన్నారు. వరసలో చివర అన్నాను. పెట్టెలు నన్నే చెయ్యమన్నారు. సరేనన్నాను.

జూన్ 3
వాన.

జూన్ 5
జూబిలీ పుస్తకం ఇచ్చారు. రేకుల షెడ్డు గురించి ఒక్క వాక్యం ఉంది. ఆ షెడ్డులో పెద్ద ఫాదర్ తెచ్చిన పాత మిషన్ల మీద మా ఆవిడ ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. నేను మిషన్ల బల్లలు బాగుచేసేవాణ్ణి. షెడ్డు స్కూలైంది, స్కూలు కాలేజీ అయింది, కాలేజీ యూనివర్సిటీ అయింది. పుస్తకంలో ఆమె లేదు. నేనూ లేను. నా బెంచీలు మాత్రం ఒక ఫొటోలో పడ్డాయి.

సమాధుల మీద పేర్లు వద్దన్నది పెద్ద ఫాదర్ నియమం. దేవుడికి మనం అడ్రస్ చెప్పాలా అనేవారు. అందరికీ ఒకే రకం చెక్క శిలువ. తననూ పనివాళ్ల వరసలోనే పెట్టమన్నారు. అలాగే పెట్టాం. ఆమె తర్వాత ఆ వరసలో ఇంకెవరూ లేరు.

జూన్ 6
మా ఆవిడ తమ్ముడు వచ్చాడు. ఈమధ్యే ఇక్కడ బస్సు డ్రైవరుగా చేరాడు. ఏం బావా, అక్కను పంపించేస్తామంటే తల ఊపి వచ్చావా, నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా అని కేకలేశాడు. నువ్వే వెళ్లి అడుగు అన్నాను. తనకు సమాధులంటే భయమట, ఆ తోటలో ఇంతవరకూ అడుగే పెట్టలేదట. టీ ఇచ్చాను. చక్కెర తక్కువైందని దానికీ తిట్టాడు.

వర్క్‌షాప్ కిటికీలోంచి ఆమె శిలువ కనిపిస్తుంది. పని మొదలుపెట్టే ముందు ఒకసారి చూస్తాను. అంతకుమించి నాకేం అక్కర్లేదు.

జూన్ 11
అడిగాను. ఒకరికి ఒప్పుకుంటే అందరికీ ఒప్పుకోవాలి గదయ్యా అన్నారు రెక్టర్. భుజం తట్టారు.

జూన్ 14
నేను మేకులు తెచ్చేలోపే మొదటి గుంట తవ్వేశారు. లోపలికి రాగానే మొదటి సమాధి పెద్ద ఫాదర్‌ది అని ఇక్కడ అందరూ చెప్పుకునే మాటే. అది పాత గేటు నాటి మాట. యూనివర్సిటీ అయ్యాక హైవే వైపు గేటు పెట్టి పాతదానికి అడ్డంగా గోడ కట్టేశారు. ఇప్పుడు లోపలికి రాగానే మొదట వచ్చేది ఆమె.

మట్టిలో ఇత్తడి టోపీ దొరికింది. కుట్టేటప్పుడు వేలికి తొడుక్కునేది. పాతిపెట్టిన రోజు ఆమె వేలికి నేనే తొడిగి పెట్టె మూత బిగించాను.

రెక్టర్ దాన్ని అరచేతిలో పెట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చూశారా, పెద్ద ఫాదర్ తన అంగీ తానే కుట్టుకునేవారన్నమాట, ఎంత వినయం అన్నారు. అందరూ మోకరించారు. నేనూ మోకరించాను.

మాట నోటిదాకా వచ్చింది. చెబితే ఆమె బయటికి వెళ్తుంది. పెట్టెకు మేకులు కొట్టాను.

జూన్ 15
అవతలి చివరి పెట్టె నాకు అప్పగించారు. బావమరిది వ్యాను తెచ్చాడు. దారంతా అక్కా అక్కా అని ఏడ్చాడు. వాడికీ చెప్పలేదు. శ్మశానంలో గోడ వారన, కూలీల సమాధుల మధ్య పెట్టాం. పెద్ద ఫాదర్ కోరుకున్నది అలాంటి చోటే.

జూన్ 22
మొదటి పెట్టెను కొత్త చాపెల్ పీఠం కింద, ఇత్తడి టోపీని మ్యూజియంలో పెట్టారు. అద్దానికి చట్రం నేనే చేశాను. ఫ్యాషన్ డిజైన్ పిల్లలు పరీక్షకు ముందు దానికి దణ్ణం పెట్టుకుని వెళ్తున్నారట.

జూన్ 30
రిటైరయ్యాను. ఐడీ కార్డు తీసుకున్నారు.

జులై 6
శ్మశానంలో పెద్ద ఫాదర్ దగ్గర కలుపు తీసి, యూనివర్సిటీకి వెళ్లాను. గేటు దగ్గర కొత్త గార్డు. ఎవర్ని కలవాలి పెద్దాయనా అన్నాడు. మా ఆవిడని అన్నాను. ఏ డిపార్ట్‌మెంట్ అన్నాడు. చాపెల్ అన్నాను. కార్డు లేకపోతే పంపను, మేడమ్‌కి ఫోన్ చేసి బయటికి రమ్మనండి అన్నాడు. బయటికి రాదన్నాను.

అయితే కూర్చోండి అన్నాడు. కూర్చున్నాను.