గొంగడి కింది వేడి

లాల్‌పేట్, చంద్రపూర్. మే పదిహేడు, ఆదివారం.

చిరంజీవి సుచరితకు అవ్వ దీవెనలు.

నీ మోకాలి నొప్పి తగ్గిందా? అల్లుడు ప్రతీక్‌కు దగ్గు పోయిందా? ఉజ్వల అన్నం తింటోందా, బిస్కెట్లతోనే కడుపు నింపుకుంటోందా? మేమిద్దరం బాగున్నామని రాయాలి కాబట్టి రాస్తున్నాను.

కూలర్ నడుస్తోందా అని అడిగావు. నడుస్తోంది. నీళ్లు అయిపోయాయేమోనని మాటిమాటికీ లేచి చూస్తున్నాను. తిరుపతి కాక ఇంటికి పోతున్నారా అన్నావు. పోతున్నాం. పోయిన వేసవిలో ఎండదెబ్బకు మన గల్లీ మొగదల పడిపోయిన తిరుపతి మళ్లీ లేవలేదు కదా. గౌరమ్మ ఇప్పటికీ పెనిమిటి నీళ్ల గ్లాసు బోర్లించదు.

ఎండ గురించి నువ్వు చెప్పినదానికి బాపు ఏమన్నాడని నీ ఉత్తరంలో అడిగావు. ఫోన్‌లో చెప్పలేను తల్లీ, పక్కనే కూర్చుని నా పెదాలు చూస్తుంటాడు. మరాఠీ బడిలో చదివినోడు, ఈ తెలుగు రాత మాత్రం చదవలేడు.

ఆ రోజు ఫోన్‌లో నిన్ను అడగమన్నది గుర్తుందా? "గీ ఎండ దేవునిదా, మనదా? నేను, తిరుపతి తవ్విన బొగ్గుదా? అడుగు దాన్ని." గని పేలుళ్లకు ఆయన చెవులు పోయాయి, నీ మాట నేనే అరిచి చెప్పాలి.

నువ్వు ఓపిగ్గా చెప్పావు. ఒక ఏడు ఎక్కువ, ఒక ఏడు తక్కువ, ఎండలు ఎప్పుడూ ఉన్నవే; ఆ ఒక్క చావును ఎవరి మీదా వేయలేం అన్నావు. కానీ మీ వాతావరణ ఆఫీసు ఆకాశంలోకి ఎగరేసే గాలి బుగ్గలు ఏళ్ల తరబడి పైకి పోయి కొలిచిన లెక్కల్లో కింది గాలి వేడెక్కుతోంది, ఎంతో పైనున్న గాలి చల్లబడుతోంది అన్నావు. "సూర్యుడే ఎక్కువ కాస్తే రెండూ వేడెక్కాలె గదవ్వా" అన్నావు. నాకు గొంగడి గుర్తొచ్చింది. కప్పుకుంటే లోపల ఉడుకు, పైన చల్లన. లోకమంతా కాల్చిన బొగ్గు, నూనెల పొగలో కంటికి కనపడని గాలే ఆ గొంగడి అన్నావు.

నేను బాపుకు అరిచి చెప్పింది వేరు. "దేవునిదేనట! ఎప్పటి ఎండేనట!"

"నిజంగనా? పిల్ల గట్లనే అన్నదా?"

"గట్లనే అన్నది. ఇగ అన్నం తిను."

తిరుపతి పోయాక ఆయన కడుపు నిండా తిన్నది ఆ రోజే.

ఇప్పుడు నా అబద్ధమే నన్ను తింటోంది. ఎప్పటి ఎండే కదా అని మిట్టమధ్యాహ్నం తువ్వాల లేకుండా తిరుగుతున్నాడు. ఎండదెబ్బ తగలదని జేబులో ఉల్లిగడ్డ ఒకటి. "మా అయ్య గిట్లనే తిరిగిండు, ఏమైంది?" అంటాడు. నిన్న బాబుపేట్‌కు నడిచిపోయి, గోడలు పట్టుకుంటూ వచ్చాడు. ఒళ్లు పెనంలా కాలిపోయింది. గౌరమ్మ తడిబట్ట వేస్తూ ఏడ్చింది. "దేవుని ఎండంటివి గదనే అక్కా" అంది. నేను ఇంకో బట్ట తడిపి ఇచ్చాను.

నిజం చెబుదామని నోరు తెరుస్తాను. గోడకున్న ఆయన గని టోపీ చూసి మూస్తాను. నువ్వు ఎదురుగా కూర్చుని మెల్లగా చెప్పు, నీ పెదాలు ఆయనకు బాగా తెలుస్తాయి. తిరుపతి చావు ఆయన చేతులది కాదని ముందు చెప్పు. ఆ తర్వాత మిగతాది. నేను పక్కనే ఉంటాను, ఏమన్నా పడతాను.

అప్పటిదాకా ఆయన చెప్పులు దాచిపెడుతున్నాను. ఎండ ఎక్కకముందే ఇల్లు చేరేలా పొద్దుటి బండికి రా. మే పదిహేడు, ఆదివారం.

ఇట్లు,
నీ దారి చూసే అవ్వ