లూట్‌కి తోలు పట్టీ

నాన్నగారికి,

ఇక్కడ నేనూ మా ఆయనా కులాసా. మీరిచ్చిన లూట్ తీగవాద్యం మాకన్నా కులాసా. మీరూ అమ్మా కూడా అలాగే ఉన్నారనుకుంటాను.

ముందు మీ ప్రశ్నకి జవాబు. వాద్యబృందంలోకి నన్ను తీసుకున్నారు! పొద్దుటినుంచి నా కాళ్ళు నేలమీద ఆనడం లేదు. పక్కింటావిడకి రెండుసార్లు చెప్పాను. రెండోసారి ఆవిడ తలుపు కొంచెమే తీసింది.

బొటనవేలి నొప్పి ఎలా ఉందని అడిగారు. పోయింది. ఇన్నేళ్ళూ లూట్ గుండ్రటి వీపు ఒళ్ళోంచి జారిపోతుంటే ఎడమచేత్తో పట్టి ఆపడమే సరిపోయేది. ఇక వేళ్ళు తీగలమీద పరుగెత్తేదెప్పుడు? ఎంపికకి నెల ముందు చెంచా కూడా పట్టుకోలేకపోయాను. డాక్టరమ్మ వాయించడం మానెయ్యమంది. వారంరోజులు ఏడ్చాను. తర్వాత, కోప్పడకండి, తోలు పట్టీ కట్టాను.

పట్టీ ఒక కొస లూట్ అడుగున తగిలించి, రెండో కొస తొడ కిందనుంచి లాగి దానిమీదే కూర్చోవాలి. అది జారుతుందేమోనని నేను తెలివిగా కుర్చీకే ముడివేశాను. ఎంపికనాడు బృందం పెద్దాయన రాగానే మర్యాదకి లేచాను, నాతోపాటు కుర్చీ కూడా లేచింది. "కుర్చీని కూడా చేర్చుకోవాలా అమ్మా?" అన్నారాయన. అయినా వాయించాను నాన్నా! చెయ్యి ఎంత తేలికైందంటే, నాదేనా అని చూసుకున్నాను.

ఇక దాచిన సంగతి. పట్టీ తగిలించాలంటే లూట్ అడుగున చిన్న గుబ్బ కావాలి, గుబ్బకి చిల్లు కావాలి. లూట్‌కి మేకు దిగితే మీ ఒంట్లో దిగినట్టేనని మీరు అనేవారు. ఆ లూట్‌కే నా చేతులతో డ్రిల్లు పెట్టాను. కానీ గట్టి చెక్క తగలనేలేదు, మెత్తటి పుల్లముక్క పొడిపొడిగా రాలింది. అక్కడ చిల్లు ముందే ఉంది. ఎవరో పుల్ల కొట్టి, పైన రంగు పూసి పూడ్చారు. ఆ లూట్ మీరు కొత్తగా కొన్నది. మీ చేతుల్లోంచి నేరుగా నా చేతుల్లోకి వచ్చింది.

పట్టీ కడితే వాద్యానికే అవమానమని మీ గురువుగారు అనేవారని అమ్మ ఒకసారి చెప్పింది. ఎడమచెయ్యి పట్టేసే మీరు వాయించడం మానేశారనీ అమ్మే చెప్పింది. ఆ చిల్లు చూసేదాకా రెండూ కలిపి చూడటం నాకు తట్టలేదు.

క్షమించమని అడగను నాన్నా. ఆదివారం లూట్ తీసుకుని వస్తున్నాను. పట్టీ మీ కొలతకి నేనే సర్దుతాను. మీరు కూర్చుంటే చాలు.

ఇట్లు,
మీ మాట వినని పెద్దమ్మాయి