గౌను అంచున పసుపు

మైదుకూరు మిషను కాంపౌండు,
26 జూలై 1955.

నా బిడ్డ కృపమణికి, మీ అమ్మ జీవమ్మ ఎవరి చేతా రాయించక తన చేత్తోనే దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మేకా, రెండు కోడిపెట్టలూ క్షేమం. నువ్వు వేలూరులో క్షేమంగా ఉన్నావనే తలుస్తాను, తలవక ఏం చేస్తాను. మీ ఆసుపత్రిలో మెట్లు కడిగి తడిగా వదిలేస్తారని పోయిన ఉత్తరంలో రాశావు. ఆ మాట చదివినప్పటి నుంచి నువ్వు జారి పడినట్టే ఉంది నాకు. గోడ పట్టుకుని దిగు.

నువ్వు అడిగినవాటికి జవాబు. మోకాలి నొప్పి అట్లాగే ఉంది. నీళ్లు కాచే తాగుతున్నాను. ఒక పదును వాన పడి మళ్లీ మొహం చాటేసింది. విత్తనం వేసినవాళ్లూ ఆకాశం చూస్తున్నారు, వేయనివాళ్లూ చూస్తున్నారు. నీ కోసం తీసిన తెల్లచీర వేరే పార్సెలులో వస్తుంది. పార్సెలు తడిసిందేమో చూసుకుని విప్పు.

ఇక నేను ఆయాగా ఎత్తి పెంచిన ఎస్తేరు పాప సంగతి. ఆ సంగతి రాయాలంటేనే నాకు ఒళ్లు మండుతోంది. లండను నుంచి ఆ పిల్ల రాసిన ఇంగ్లీషు ఉత్తరం నీకు పంపితే నువ్వు తెలుగు చేసి పంపావు. దానితో వచ్చిన రెండు బొమ్మల పత్రికలు మాత్రం నా దగ్గరే ఉంచుకున్నాను. ఆ బొమ్మల కింద ఏం అచ్చువేశారో తెలుసుకోవాలని జ్ఞానరాజు పంతులు చేతికిచ్చాను. బళ్లో పాఠం చెప్పేవాడూ, గుళ్లో వాక్యం చెప్పేవాడూ ఆయనే కదా, చదివి పెడతాడనుకున్నాను. చదివి పెట్టాడు. నాకు కాదు. పోయిన వారం కాదు, అంతకుముందు వారం, గుడి వసారాలో ఆడవాళ్ల కూటంలో అందరి ముందర చదివాడు.

ఎస్తేరు కుట్టి అమ్మే గౌన్లు చాకలివాళ్లు తొడుక్కునే మాదిరిగా ఉన్నాయని ఆ పత్రికవాళ్లు రాశారట. ముతక గుడ్డతో కుడుతుందట, చేతుల కింద వదులు పెట్టి, చెయ్యి పైకెత్తినా చంక దగ్గర పట్టకుండా కత్తిరిస్తుందట. ప్రతి గౌనుకూ అంచు మూలన బొటనవేలంత పసుపు మచ్చ పెడుతుందట. ఆ మచ్చ తీసేస్తేనే ఇక మీదట కొంటామని పెద్ద పెద్ద దుకాణాలవాళ్లు అంటే, వాళ్ల అద్దాల బీరువాల్లో అప్పటికే వేలాడే తన గౌన్లన్నీ తనే పోయి ఊడబీక్కుని చంకన పెట్టుకుని వచ్చేసిందట. ఇది చదివి పంతులు ఏమన్నాడో విను.

“సూడండమ్మా, మన జీవమ్మవ్వ పెంచిన పెంపకం. దేవుని పని చేసిన దొరగారి కడుపున పుట్టి బట్టలు కుట్టుకుని బతుకుతాండాది. మొగుడు లేదు, గుడికి పోదు, జుట్టు కత్తిరించుకునింది.”

నువ్వే చెప్పు, ఆయనకేం తెలుసు ఆ పిల్ల సంగతి? ఎత్తుకున్నాడా, పాలు పట్టాడా? ఈ బంగళాలోనే పుట్టింది, నువ్వు పుట్టిన రెండేండ్లకు. నీ వెనకాలే నేల మీద పాకింది. తొమ్మిదో ఏట చదువుకని ఓడ ఎక్కిస్తే నా కొంగు విడవలేదని దొరసాని దాని వేళ్లు ఒక్కొక్కటే విప్పింది. అక్కడ ఆ చలి బళ్లో యూనిఫారం చేతులు కత్తిరించేసిందని ఒకసారి, మెడపట్టీ ఊడదీసిందని ఒకసారి బయట నిలబెట్టారు. టైపు నేర్చుకోమని పంపితే మూడో వారానికే పారిపోయి, కోట్లు కుట్టే నేలమాళిగలో గుండుసూదులు ఏరే పనికి కుదిరింది. యుద్ధంలో గుడ్డ దొరక్క లోకమంతా చింకిపాతలు కట్టుకుంటే, ఇది దుప్పట్లు కత్తిరించి పనికి పోయే ఆడవాళ్లకు కోట్లు కుట్టింది. తండ్రి ముఖం చూడనన్నాడు. ఇరవై నాలుగేండ్లకు సందులో తన దుకాణం తనే తెరిచింది. ఇదంతా నువ్వు చదివి చెప్పిన ఉత్తరాల్లోదే. ఏటా క్రిస్మసుకు ఉత్తరం రాయడం ఒక్క ఏడు మానలేదు. మన పంతులు తన సొంత పిన్నమ్మకు ఎప్పుడైనా కార్డుముక్క రాశాడా?

మా దొరసాని సంగతి ఇంకా అన్యాయం. కూతురు ఆ పత్రికవాళ్లతో, మా ఇంట్లో గిడ్డయ్య అనే చాకలి ఉండేవాడు, కొత్త బట్టకు సూర్యుని గుర్తుగా పసుపు మచ్చ పెట్టడం అతని దగ్గరే చూశానని చెప్పిందట. దానికి తల్లి అదే పత్రికకు, ఆ మనిషి మా బిడ్డ గౌను తన బిడ్డకు తొడిగిన దొంగ, పట్టుబడితే తీసేశాము అని ఉత్తరం రాసి తర్వాతి పత్రికలో అచ్చువేయించింది. ఎనభై దగ్గర పడుతున్న మనిషికి ఇంకా ఆ కసి ఎందుకు? పంతులు అదీ చదివాడు. చదివి, “ఇగ్రహాలకు మొక్కేవాళ్లను కాంపౌండు లోపలికి రానిస్తే ఇట్లే ఉంటాది” అన్నాడు.

ఆ మాట అన్నప్పుడు వసారా అవతలి కొసన సుంకమ్మ ఉంది. గిడ్డయ్య పెండ్లాం. మిషను పొలానికి విత్తనం చెనక్కాయలు ఒలిచే కూలికి వచ్చింది. చేటలో చెయ్యి ఆపి ఇట్లా అడిగింది.

“నా మొగుడు సచ్చి తొమ్మిదేండ్లాయ. ఇంగా ఆ గౌను ఉతుకుతానే ఉండాడా, ఏమప్పా?”

పంతులు పత్రిక మడిచాడు. సుంకమ్మ మళ్లీ కాయలు ఒలుచుకుంది.

నువ్వు పోయిన ఉత్తరంలో, పసుపు ఎవరు పెట్టారో ఎస్తేరు అడుగుతోంది, దొరసాని చెప్పింది నిజమా అని అడుగుతోంది, ఏమని జవాబు రాయమంటావు, పాత సంగతి కదా, తెలియదని రాసేదా అన్నావు. ఆ మాటకు నీ మీద కూడా కోపం వచ్చింది. పాత సంగతి ఎట్లా అయింది? మొన్న ఆ వసారాలో సుంకమ్మకు పాతదిగా ఉందా? తెలియదని రాయవద్దు. నాకు తెలుసు.

ఆ పసుపు పెట్టింది నేను.

నీకంటే ముందు నాకొక మగబిడ్డ పుట్టి పోయాడని నీకు తెలుసు. ఎట్లా పోయాడో చెప్పలేదు. మేము కొత్తగా బాప్తిస్మం తీసుకున్న ఏడు అది. కొత్త బట్ట మూలకు పసుపు తాకించి తొడిగే అలవాటు మానాలి, అది అన్యుల పద్ధతి అన్నారు. సరే అని క్రిస్మసుకు కుట్టించిన చొక్కా ఊరికే తొడిగాను. పదకొండో రోజు కలరా తగిలి పోయాడు. కలరా నీళ్లలో వస్తుందని నువ్వు రాశావు, నాకూ తెలుసు. నా తలకు తెలుసు, నా చేతికి తెలియదు. అప్పటి నుంచి నీకూ, ఎస్తేరు పాపకూ కొత్త బట్ట వస్తే ఎవరూ చూడకుండా అంచు మడతలో వేలితో అద్దేదాన్ని. ప్రార్థన కూడా చేసేదాన్ని. రెండూ చేసేదాన్ని.

పాపకు ఏడో ఏట, మిషను చూడ్డానికి పెద్ద దొర వస్తున్నాడని తెల్ల గౌను కుట్టించారు. దర్జీ ఇచ్చీ ఇవ్వగానే నేను పసుపు అద్దాను. ఎప్పుడూ ఒకసారి తొడిగాకనే చాకలికి వేసేది, ఈసారి దొరసాని తొడగకుండానే గంజి పెట్టించడానికి పంపింది. గంజికి ముందు ఉతికే చౌటి నీళ్లు తగిలితే పసుపు ఎర్రబడుతుంది కదా. మడత దాటి పాకి, గౌను ఎర్ర మచ్చతో వచ్చింది. తొడగని గౌనుకు మచ్చ ఎక్కడిదని దొరసాని గిడ్డయ్యను నిలదీసింది. జాతరకు నీ బిడ్డకు తొడిగావా, అక్కడ పసుపు అంటిందా అంది.

“నేను పెట్టలేదు దొరసానమ్మా. నా బిడ్డకు తొడగలేదు.”

అంతే అన్నాడు. అని నా వైపు ఒక్కసారి చూశాడు. ప్రతి వారం ఆ బట్టలు ఉతికేవాడికి మడతల్లో మచ్చలు తెలియకుండా ఉంటాయా? అన్నీ తెలుసు. చెప్పలేదు. అప్పటికి మీ నాయన పోయి ఏడాది, తొమ్మిదేండ్ల నువ్వు నా కొంగు పట్టుకుని ఉన్నావు. నేను పాప చెయ్యి పట్టుకుని నిలబడి, నోరు తెరవలేదు. ఆ పొద్దే గిడ్డయ్యను తీసేశారు. పాప ఏం చేసిందో తెలుసా? గిడ్డయ్య ఉతికితేనే తొడుక్కుంటానని ఆ గౌను విసిరేసి, రెండు రోజులు లోపలి లంగాతోనే బంగళా అంతా తిరిగింది. పెద్ద దొర ముందరికి కూడా అట్లాగే వచ్చింది. ఏడేండ్ల పిల్లకు ఉన్న రోషం నలభై ఏండ్లదానికి లేకపోయింది.

దొంగ అన్న పేరు పడ్డాక ఊళ్లోనూ ఎవరూ ఆయనకు బట్టలు వేయలేదు. కోసిగి దాకా పోయి కూలి చేసుకుని, జబ్బు పడి తిరిగొచ్చి పోయాడు.

మొన్న కూటం అయినాక కూడా నేను నోరు మెదపకుండానే ఇంటికి వచ్చాను. పంతులు మీద పండ్లు నూరుకుంటూ వచ్చాను. అన్నం వడ్డించుకుంటుంటే అర్థమైంది, ఆయన తెలియక అన్నాడు, నేను తెలిసి ఊరుకున్నాను. తెల్లవారి సుంకమ్మ ఇంటికి పోయి, గుమ్మంలోనే నిలబడి చెప్పాను. ఆమె పొయ్యి ముందర నుంచి లేవలేదు.

“నాకు తెల్సులే జీవక్కా. తీసేసిన పొద్దే ఆయప్ప నాకు సెప్పినాడు.”

“తెలిసి ఇన్నేండ్లు నన్నొక మాట అడగలేదే?”

“నువ్వే వస్తావని సూస్తాంటి. వస్తాది వస్తాది అని ఆయప్ప సచ్చేదాకా అంటానే ఉండె. ఇప్పుడు నాకు సెప్పి ఏం లాబం? నేనేమన్నా ఆయప్పను దొంగ అంటినా? అన్నోళ్లకు సెప్పుపో.”

కూర్చోమనలేదు. నీళ్లు ఇవ్వలేదు. ఇవ్వకపోవడమే న్యాయం.

మొన్న ఆదివారం ఆరాధన అయినాక లేచి చెప్పాను. ముందున్న బెంచీ పట్టుకున్నాను. గిడ్డయ్య దొంగ కాదు, పసుపు నాది అన్నాను. పంతులు, “ఇది మూఢనమ్మకం కాదా అవ్వా? ఇంతమందికి వాక్యం సెప్పేదానివి” అన్నాడు. “నమ్మకం కాదు పంతులూ, బయం. రొండింటికీ తేడా బిడ్డ పోయినోళ్లకు తెలుస్తాది” అన్నాను. నిన్న సంఘపెద్దలు కూర్చుని, ఆరు నెలలు ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోకూడదన్నారు. ఊళ్లో వాక్యం చెప్పే పని తీసేశారు. మిషను నాకిచ్చిన ఈ గది ఉంచాలా వద్దా అని నెలాఖరుకు కమిటీ కూర్చుంటుంది. నన్ను ఇంతసేపు కూర్చోబెట్టి విచారించారు, గిడ్డయ్యకు ఒక పూట విచారణ లేదు. ఆ మాటా అడిగాను. ఆయన పేరు మీద మచ్చ తీసేస్తున్నామని ఒక్క ముక్క అనడానికి కూడా వాళ్లకు నోరు రాలేదు. నువ్వు వెంటనే బయలుదేరి రావద్దు, సెలవు పాడవుతుంది. గది పోతే మేకతో సహా ఎక్కడికి పోవాలా అని ఆలోచిస్తూనే ఉన్నాను, అది నా పని.

నీ పని ఇది. ఎస్తేరుకు ఇంగ్లీషులో ఉన్నది ఉన్నట్టు రాయి, నా మీద జాలితో ఒక్క మాట తీయవద్దు. పసుపు ఆయా పెట్టింది, గిడ్డయ్య పెట్టలేదన్నది నిజం, ఆయా ఊరుకున్నందుకు ఆయన దొంగయ్యాడు అని రాయి. తల్లి అబద్ధం అచ్చయిన పత్రికలోనే ఇదీ అచ్చు వేయించమను. దుకాణాల మీదికి పోయి గౌన్లు ఊడబీక్కున్న పిల్లకు అదొక లెక్కా? అచ్చయిన కాగితం వస్తే నువ్వు తెలుగు చేసి, నాకు కాదు, సుంకమ్మ పేరుకు పంపు. కోపం వచ్చి నాకు క్రిస్మసు ఉత్తరం మానేస్తే మానేయనీ అని కూడా రాయి. లేదు, అది రాయవద్దు.

నీ చీర వచ్చాక కొంగు మూల చూసుకో. ఈసారి మడతలో దాచలేదు, పైకి కనబడేటట్టే పెట్టాను. సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, బెదరవద్దు, నాలుగు ఎండలకు పోతుంది. అంతలోపల మీ ఆసుపత్రిలో ఎవరైనా ఈ మచ్చ ఎక్కడిదని అడిగితే, ఉతికినవాళ్లను అననీయకు. మా అమ్మ పెట్టిందని చెప్పు.

ఇట్లు,
నీ క్షేమం తలుస్తూ ఉండే
మీ అమ్మ
జీవమ్మ