పదకొండు హోటళ్లు, ఒక చిల్లుల కాగితం

తిరుచానూరు, పుత్తూరు, వడమాలపేట ప్రాంతాల ప్రజలందరికీ ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, ఈ రోజు పొద్దున ఆరుంబావుకి మా ఇంటి ఓనరమ్మ నల్లకోడి మొట్టమొదటిసారి గుడ్డు పెట్టింది. తల్లీ గుడ్డూ క్షేమం. ఓనరమ్మ లేచి వచ్చేలోపల ఆ గుడ్డును నేను ఉడకబెట్టుకుని తినేశాను కాబట్టి, దాని మీద నా వారసులకు గానీ ఆమెకు గానీ ఎలాంటి హక్కూ లేదు.

ఇక అసలు సంగతి.

పుత్తూరులో పుట్టి, ఇప్పుడు తిరుచానూరులో ఒంటి గదిలో అద్దెకుంటున్న, కుప్పుస్వామి కొడుకు ఢిల్లీబాబు అనే నేను, వయసు యాభై ఐదు, వృత్తి బోర్డులు రాయడం, ఇష్టపడి రాస్తున్న వీలునామా ఇది. నా బుద్ధి సరిగానే ఉంది. ఊపిరితిత్తులే సరిగా లేవు. ముప్పై ఐదేళ్లు రంగుల్లో కలిపే టిన్నరు పీల్చాను. ఈ చలికాలం దాటడం కష్టమని డాక్టరు నాతో చెప్పకుండా గోడతో చెప్పాడు. నన్నెవరూ బెదిరించలేదు, ఎవరూ తాగించలేదు.

దస్తావేజులు రాసే ఆయన దగ్గరికి పోయాను. నేను చెప్పేది కాసేపు విని పెన్ను మూసేశాడు. “ఇట్ల రాస్తే సబ్ రిజిస్ట్రారు నగుతాడప్పా. ఆస్తి యాడుండాదో చెప్పు, నాలుగు పక్కల హద్దులు చెప్పు” అన్నాడు. నా ఆస్తికి హద్దులు లేవు, ఆస్తే లేదు కాబట్టి. అందుకని నేనే రాస్తున్నాను. ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. వాక్యాలకు పూచీ పడను.

1. నా దగ్గర పని నేర్చుకుని, ఏడేళ్ల తర్వాత ఫ్లెక్సీ మిషను పెట్టి నా కడుపు కొట్టిన ఏబెల్‌ను ఈ వీలునామా అమలు చేసే మనిషిగా నియమిస్తున్నాను. అతని మీద కోపం ఇంకా ఉంది. కానీ నా అబద్ధాలన్నీ తెలిసినవాడు అతనొక్కడే. నా బ్రష్షులన్నీ అతనికే చెందాలి. ఎనిమిదో నంబరు ఉడుత వెంట్రుకల బ్రష్షును కిరసనాయిల్లో కడిగి, కొబ్బరినూనె రాసి పెట్టాను. మిషనుకు దాంతో పని లేదు. అయినా వారానికొకసారి పట్టుకోరా ఏబెల్. వేళ్లు మరిచిపోతాయి.

2. నా ట్రంకుపెట్టె అడుగున, పాత కేలండర్లలో చుట్టి పెట్టిన బ్రౌన్ కాగితం ఒకటి ఉంది. నాలుగడుగుల పొడవు, నిండా సూది చిల్లులు. అది వడమాలపేటలో బస్సులు ఆగే చోట టిఫిను హోటలు నడుపుతున్న సంతోషమ్మకు సర్వహక్కులతో చెందాలి. ఆ కాగితం సంగతి వివరంగా చెప్పాలి.

1997లో సంతోషమ్మ భర్త చెంగయ్య నా దగ్గరికి వచ్చాడు. కొత్తగా హోటలు పెడుతున్నానని, ‘మనోరంజితం’ అని బోర్డు రాయాలని అడిగాడు. అది పువ్వు పేరు గానీ ఇడ్లీ పేరు కాదు కదా అని ఎగతాళి చేశాను. “మా ఇంటామెకు ఆ పువ్వంటే పానం. దాన్ని చేతిలో పెట్టుకోని ఏ పండు తలుచుకుంటే ఆ పండు వాసనొస్తాదంట. హోటలన్నాక అట్లుండాల్నప్పా. వచ్చినోడు ఏది తలుచుకుంటే అది దొరకాల” అన్నాడు. తీరా అతను పెట్టింది ఇడ్లీ, పొంగలి, రెండే.

రెండు రోజులు కూర్చుని ఆ పేరు కాగితం మీద గీశాను. చివరి సున్నాను సున్నాలాగా కాకుండా, ఆరు రేకుల మనోరంజితం పువ్వులాగా గీశాను. చెంగయ్యకు నచ్చింది. కాగితం వెనక తన చేత్తో “ఇట్లనే రాయి” అని రాసి, సంతకం చేసి, తేదీ వేశాడు. తర్వాత గీతల వెంబడి సూదితో చిల్లులు పొడిచాను. ఆ కాగితాన్ని బోర్డు చేసే ఇనప రేకు మీద పరిచి, బొగ్గుపొడి మూటతో తడితే చుక్కలు పడతాయి. చుక్కలు కలిపి రంగు నింపితే బోర్డు. మా పనిలో కష్టమంతా ఆ కాగితం తయారుచేయడంలోనే ఉంది. ఒకసారి తయారైందా, అదే పేరు ఎన్నిసార్లయినా పూటలో రాయొచ్చు.

మరుసటి ఏడాది నగరి నుంచి ఒకాయన వచ్చి, “పేరు నువ్వే ఏందో ఒకటి పెట్టబ్బా, సాయంత్రానికి బోర్డు కావాల” అన్నాడు. కొత్త పేరంటే రెండు రోజులు. ఈ కాగితమంటే ఒక పూట. మనోరంజితం బాగుంటుందన్నాను. తర్వాత కాళహస్తి. తర్వాత సత్యవేడు. అట్లా మొత్తం పదకొండు హోటళ్లు అయ్యాయి. వాళ్లెవరూ ఒకరికొకరు చుట్టాలు కారు, భాగస్తులు కారు. ఒకచోట సాంబారు తీపి, ఒకచోట కారం, ఒకచోట నీళ్లు. జనం మాత్రం ఇదేదో పెద్ద కంపెనీ, ఊరూరా బ్రాంచీలున్నాయి అనుకునేవాళ్లు. దాన్ని కాదనే ఓనరు ఒక్కడూ లేడు.

ఈ పేరు యాడ పుట్టిందని అడిగిన ప్రతి ఓనరుకూ ఒక్కో కథ చెప్పాను. నగరి ఆయనకు ఒక జమీందారు భార్యను ఇచ్చాను. కాళహస్తికి ఒక స్వామిని. సత్యవేడుకు ఒక జపాను ఇంజనీరును. చెంగయ్యకు మాత్రం అందరికన్నా ఆఖరున తెలిసింది. “ఏమప్పా ఢిల్లీ, మా ఇంటామె పువ్వును ఊరూరా నాటినావంటనే!” అని నవ్వాడు. ఆ నవ్విన మనిషి నాలుగేళ్ల కింద పోయాడు. అతని గుర్తుగా ఆ ఇంట్లో సరైన ఫోటో కూడా లేదు. బోర్డే ఉంది.

3. తిరుచానూరులో లాడ్జీ కింద మనోరంజితం నడుపుతున్న జయరావుకూ, అతని కొడుకు మోహన్‌కృష్ణకూ నేను ఇచ్చి పోయేది ఒక నిజం. వాళ్లకు అది అక్కరకు రాదు.

2006లో జయరావుకు బోర్డు రాశాను. అతనూ అందరిలాగే అడిగాడు. “1938లోనే మీ తాత ఈడ మనోరంజితం చెట్టు కింద యాత్రికులకు పొంగలి పెట్టినాడంట. ఆ పేరే ఇది. నాకు పని నేర్పిన మేస్త్రి చెప్పేవాడు” అన్నాను. నవ్వుతాడనుకున్నాను. అతని కళ్లల్లో నీళ్లు తిరిగాయి. “మా తాత గురించి ఇన్నేండ్లలో ఒక్కరన్నా ఒక మంచి మాట చెప్పలేదబ్బా” అన్నాడు. ఆ నీళ్లు చూశాక వెనక్కి తీసుకోవడం నాకు చేతకాలేదు. నా కథను అచ్చువేయించి, అద్దం బిగించి, గల్లాపెట్టె వెనక తగిలించాడు. ఆ రోజు నుంచి నాకు ఆ హోటల్లో పొద్దుటి టిఫిను ఊరికే. పంతొమ్మిదేళ్లు తిన్నాను.

రెండేళ్ల కింద మోహన్‌కృష్ణ అదే కథను టైపు చేయించి తెచ్చాడు. ఈ పేరు, ఈ పువ్వు గుర్తు మొదటినుంచీ వాళ్ల వంశానివేనని, బోర్డు రాసిన నేను సాక్ష్యం చెబుతున్నట్టు అందులో ఉంది. చట్నీ చెయ్యి తుడుచుకుని, నవ్వుకుంటూ సంతకం పెట్టాను. దాంతో వాళ్లు పేరు రిజిస్టరు చేయించుకున్నారు. మొన్న ఆగస్టులో మిగతా పది హోటళ్లకూ లాయరు నోటీసులు పోయాయి. ముప్పై రోజుల్లో బోర్డు దించాలని. తొమ్మిది మంది దించేశారు. వాళ్లకు అది ఉత్త పేరే. సంతోషమ్మ మాత్రం బోర్డుకు గోనెపట్టా కప్పి, కోర్టుకు పోయింది. ఈ నెల ఇరవైనాలుగున వాయిదా. ఆమెకు ఎదురుగా ఉన్న పెద్ద సాక్ష్యం నా సంతకం.

4. తప్పు దిద్దుకోవాలని నేను మోహన్‌కృష్ణ దగ్గరికి మూడుసార్లు పోయి నిజం చెప్పాను. “మామా, నువ్వు పుట్టినప్పట్నించి ఒక్క నిజమన్నా చెప్పినావా? అప్పుడు చెప్పింది నమ్మాల్నా, ఇప్పుడు చెప్పేది నమ్మాల్నా?” అని నవ్వి పంపించేశాడు. సంతోషమ్మ కూడా నోటీసు పట్టుకుని నా గదికి వచ్చింది. ఆమెకు అంతా ఒప్పుకున్నాను. “పోనీలేన్నా, నీకు అన్నీ ఆటలే కదా” అని ఓదార్చి పోయింది.

5. నా కూతురు లోహిత, సత్యవేడు దగ్గర శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు పని చేస్తోంది. నా మోపెడ్, వాళ్లమ్మ వెండి కుంకుమభరిణె ఆమెవే. అమ్మా, నీ పెళ్లికి ఏబెల్ దగ్గర ఫ్లెక్సీ వేయించావని నేను మూడు నెలలు నీతో మాట్లాడలేదు. అది నా తప్పే, కానీ ఆ ఫ్లెక్సీలో నీ ముక్కు పెద్దగా పడిన మాట నిజం. నువ్వు రెండో తరగతిలో ఉన్నప్పుడు నీ పలక చట్రం మీద నీ పేరు రాసిచ్చాను. ఆ పలక కూడా ట్రంకులోనే ఉంది, తీసుకో. ఆ పేరుకు నేను కాగితం చేయలేదు, చిల్లులు పొడవలేదు. ఎవరడిగినా ఆ పేరు రెండో బోర్డు మీద రాయలేదు. ఒకాయన బట్టల కొట్టుకు పెడతానంటే, ఆ పేరు కలిసిరాదని భయపెట్టి పంపించాను.

6. వీలునామాను మనిషి పోయాక తెరుస్తారు. దీన్ని అట్లా చేయకూడదు. రిజిస్టరు అయిన మరుసటి రోజే ఏబెల్ దీని నకలునూ, చెంగయ్య రాత ఉన్న ఆ కాగితాన్నీ సంతోషమ్మ వకీలు చేతికి ఇవ్వాలి. ఇరవైనాలుగో తేదీకి నాకు ఊపిరుంటే, నన్ను ఆటోలో వేసుకుని కోర్టుకు తీసుకుపోవాలి. లేకపోతే ఇదే నా సాక్ష్యం.

7. నా చావుకు ఫ్లెక్సీ కట్టకూడదు. ఏబెల్, ఊరికే వేసిస్తానన్నా వద్దు.

ఇంక ఇందులో నేను కల్పించినవేవో చెప్పి ముగిస్తాను. నా మాట కోర్టులో నిలబడాలంటే ఇది తప్పదు.

జయరావు తాత, 1938, పొంగలి, చెట్టు, అన్నీ నేను అల్లినవి. ఆయన తాత ఏం చేసేవాడో నాకు తెలియదు. జమీందారు భార్య, స్వామి, జపాను ఇంజనీరు కూడా అంతే.

నాలుగో షరతులో మోహన్‌కృష్ణకు మూడుసార్లు నిజం చెప్పానని రాశాను. ఒక్కసారి కూడా చెప్పలేదు. మూడుసార్లూ పోయాను, ఇడ్లీ తిన్నాను, వచ్చేశాను. అతను అన్నట్టు రాసిన మాటలు నేనే కట్టాను. అతను నమ్మలేదని రాస్తే తప్పు అతని మీదికి పోతుందని రాశాను. చెబితే ఏం జరిగేదో నాకు తెలియదు. జయరావు ముఖం చూడలేనని భయం. టిఫిను ఆగిపోతుందని కూడా భయం.

సంతోషమ్మ నన్ను ఓదార్చిందన్నదీ అబద్ధమే. ఆమె వచ్చిన మాట నిజం. నోటీసుతో పాటు వచ్చిన నా సాక్ష్యం కాగితం ముందు పెట్టి, “ఇది నీ సంతకమేనాన్నా?” అని అడిగింది. “నాది కాదు తల్లీ, ఎవుడో దొంగసంతకం పెట్టినాడు” అన్నాను. నేను రాసిన ప్రతి బోర్డుకూ కుడిపక్క కింద మూలన అదే సంతకం పెడతాను. ఆమె బోర్డు మీదా ఉంది. గోనెపట్టా కప్పేదాకా ఇరవై ఎనిమిదేళ్లు రోజూ పొద్దున తన చేత్తో తుడిచింది. ఆమె ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, వడమాలపేట మీదుగా పోయే పుత్తూరు బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆ సంతకం నాదే. కింద పెడుతున్నదీ అదే.

తిరుచానూరు,
2025 నవంబరు 12.

(సంతకం) ఢిల్లీబాబు

సాక్షులు:
1. తిరుమలయ్య, పూల వ్యాపారం, తిరుచానూరు
2. కృపారాణి, నర్సు, తిరుపతి