పంటు చప్పుడు వెనక మీ గొంతు

ఏమండీ,

నిన్న మీ సంవత్సరీకం అయింది. మీరు రోజూ చూసే హెడ్‌ఫోన్లు పరీక్షించి చూపే వీడియోలాయన ఇవాళ కొత్తది పెట్టాడు. నరసాపురం రేవులో జనాన్ని గోదావరి దాటించే పంటు బయలుదేరే చప్పుడు వినిపించి, తానే రికార్డు చేశానన్నాడు. నాకెందుకో అనుమానం వచ్చింది. అలాంటిదే ఒకటి మీరు రికార్డు చేసి ఆయనకు పంపడం నాకు గుర్తుంది. మన దగ్గరున్నది మీ పాత ఫోన్‌తోనే పోయింది.

"మళ్ళీ పెట్టవే" అన్నాను అమ్మాయితో. మీ హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. ఇంజను చప్పుడు వెనక సన్నగా మీ గొంతు వినబడింది: "రత్నం, కాసేపు మాట్లాడకు."

అమ్మాయి కూడా విని, "ఇది నాన్నదేనమ్మా. ఇప్పుడే కామెంట్ పెడతాను" అంది.

"ఆగవే. అడిగితే వీడియో తీసేస్తాడు. ముందు మీ నాన్న గొంతు మన ఫోన్లో దాచు. ఆ తర్వాత అడుగుదాం" అన్నాను.

మీ రత్నం