నీ పడవ ఆటలో పాటలు

లలితా, నా బంగారూ,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నీ ఫోన్‌లో పడవ ఆటను రోజూ తెరుస్తున్నాను. ఆడటం నాకు రాదు. ఆ ఆటలోని పాప ఏటిగట్టున నిలబడితే పిల్లనగ్రోవి వినిపిస్తుంది కదా, దానికోసమే. కదిపితే పాప ఏట్లో పడుతుందని వేలు కూడా తగలనివ్వను. ఫోన్ చెడిపోతే ఆ పాట పోతుందని ఒకటే భయం.

నిన్న ఆదోని నుంచి నీ స్నేహితురాలు షబానా వచ్చింది. సంగతి చెబితే నవ్వింది.

"ఏడాదిగా ఆ పాపను ఆడ్నే నిలబెట్టినావామ్మా? కాళ్లు నొయ్యవా దానికి? పాటలన్నీ ఆట లేకుండా వేరేగా దొరుకుతాయి, ఉండు," అని నా ఫోన్‌లో ఎక్కించింది.

ఈరోజు మగ్గం నేస్తూ అన్నీ విన్నాను. ఏరు దాటినాక వాన పాట, ఆ తర్వాత కొండ పాట. పక్కింటి సుంకులక్క తొంగిచూసి, "ఏందే, ఒక్క మాటా లేదు? పాడేటోళ్లు అలిగిపోయినారా?" అంది. నాకూ నవ్వొచ్చింది.

ఆసుపత్రిలో చెవులకు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కళ్లు మూసుకుంటే, నొప్పి ఓర్చుకుంటున్నావనుకున్నాను. అప్పుడు ఈ పాటలే వింటున్నావని షబానా చెప్పింది. ఇంత చల్లటి పాటలు విన్నావా తల్లీ! వీటిని కట్టినవాళ్లు ఏ దేశంవాళ్లో, వాళ్ల బిడ్డలు నూరేళ్లు బతకాలి.

మీ అమ్మ