పైకప్పు తట్టి చూసినట్టు

శుక్రవారం

మా స్వరూప రాసిన ప్రోగ్రాము ముక్కను మేం ఫోన్లలో వాడే ఈమెయిల్ సాఫ్ట్‌వేర్‌లో కలిపేసుకున్నారు, సంతోషంతో నాకు కడుపు నిండిపోయింది. అది ఏ ఒక్కరి సొత్తూ కాదట, ఇష్టమున్నవాళ్లు తలా ఒక చెయ్యి వేసి అందరికీ ఊరికే ఇస్తారట. ముఖమైనా చూడని వాళ్లు నెలల తరబడి నా బిడ్డ తప్పులు దిద్దారు. నాలుగుసార్లు వెనక్కి పంపినా అది వదలలేదు.

దానికి ఆ పట్టు పుట్టించింది నా తప్పే. పెన్షన్ ఆగిపోతుందని వచ్చిన దొంగ మెయిల్‌ను నిజమనుకుని, మేలు చేస్తున్నాననుకుని రామగిరిలో ఉన్న మా అక్క భర్తకు పంపాను. బావ లింకు నొక్కాడు, ఆయన మెయిల్ దొంగల పాలైంది. అప్పటి నుంచి నాతో మాట్లాడడం లేదు.

ఆ రోజే స్వరూప అడిగింది.

"బాపూ, నువ్వు బొగ్గు బాయిల దిగినప్పుడు పైకప్పు గట్టిగున్నదో లేదో ఎట్ల తెలుస్తుండె?"

"కట్టెతోని తట్టేటోళ్లం బిడ్డా. డొల్ల సప్పుడు అస్తే దాని కింద నిలవడకపోదుము."

"మరి మెయిల్‌ను తట్టకుండనే మామను లోపలికి తోలితివి గదా."

ఇప్పుడు దాని ముక్క ఆ తట్టే పనే చేస్తుంది. లింకు నొక్కగానే ఆపి, నిజంగా ఎక్కడికి పోతుందో పెద్ద అక్షరాల్లో చూపిస్తుంది. రిటైరైన మా వాళ్లందరి ఫోన్లలో దీన్ని నేనే దగ్గరుండి పెట్టిస్తాను. బావ మాత్రం మళ్లీ మెయిల్ తెరుస్తాడో లేదో...

రేపు చెప్పాల్సినవాళ్లు: పెద్దపల్లి చెల్లె, బసంత్‌నగర్ తమ్ముడు, చిన్నవ్వ, రామగిరి అక్క, బావ. బావ నా ఫోన్ ఎత్తడు. అందుకే పొద్దున మొదటి బస్సుకు ఆయన దగ్గరికే పోతాను.